గోదావరి చెమ్మలో గీత నిలవాలంటే: ఆర్కిటెక్చర్ మొదటేడు డ్రాఫ్టింగ్ సామాను సమీక్ష

ఆర్కిటెక్చర్‌లో సీటు రాగానే సామాను కొనడానికి షాపుకి వెళ్తే అందరి చూపూ ముందు పెన్నుల మీదే పడుతుంది. మా సలహా వేరు. డబ్బు ముందు బోర్డుకీ, పారలల్ బార్‌కీ (బోర్డు మీద పైకీ కిందికీ జరిగే పొడుగాటి అడ్డపట్టీ), సెట్ స్క్వేర్లకీ పెట్టండి. తర్వాత కాగితానికి. పెన్నులు ఆఖర్న. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా, కాకినాడ నుంచి నరసాపురం దాకా గాలిలో చెమ్మ ఏడాదిలో చాలా నెలలు తగ్గదు. ఆ చెమ్మ తగిలేది చెక్కకీ, దారానికీ, కాగితానికీ. గీత తప్పేది అక్కడే. కింద ఆధారం సరిగ్గా లేకపోతే ఎంత మంచి పెన్నూ దాన్ని దిద్దలేదు.

ఇక్కడి పిల్లలు ఎక్కువమంది విశాఖకో విజయవాడకో వెళ్ళి చదువుతారు, సెలవులకి సగం గీసిన షీట్లు చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు. కాబట్టి ఈ సమీక్షలో ప్రతి వస్తువునీ రెండు రకాలుగా చూశాం: షాపులో ఐదు నిమిషాల్లో దాన్ని ఎలా పరీక్షించాలి, జులై ముసురులో అది ఏమవుతుంది.

మినీ డ్రాఫ్టర్ సంగతి ముందు తేల్చేద్దాం. బోర్డు పై అంచుకి బిగించే కడ్డీల చెయ్యి, దాని చివర తలకి లంబంగా రెండు స్కేళ్ళు ఉండే పనిముట్టు ఇది. కాకినాడ, భీమవరం లాంటి ఇంజనీరింగ్ కాలేజీల ఊళ్ళలో సులువుగా దొరికేది ఇదే. ఒమేగా కంపెనీది అందరికీ తెలిసిందే. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం డ్రాయింగుకి, అంటే డి2 బోర్డు (700 × 500 మి.మీ.) మీద ఏ2 షీటుకి, ఇది చక్కటి పనిముట్టు. ఆర్కిటెక్చర్‌కి వచ్చేసరికి షీటు ఏ1 అవుతుంది, 841 × 594 మి.మీ. అక్కడ దీని చెయ్యి చాలదు. సాగదీసి అందించినా, ఒకదానికొకటి తగిలించిన కడ్డీల మధ్య ఉన్న ప్రతి కీలులో కాస్త కాస్త వదులు ఉంటుంది. బోర్డు కుడి పక్క కింది మూలకి వెళ్ళేసరికి ఆ వదులంతా కలిసి గీత మీద పడుతుంది. కొనాల్సే వస్తే షాపులోనే ఒక పరీక్ష చెయ్యండి. పైన ఎడమ మూలలో ఒక అడ్డగీత గియ్యండి, డ్రాఫ్టర్ తల కోణం మార్చకుండా దాన్ని కుడి పక్క కిందికి జరిపి ఇంకో గీత గియ్యండి. రెండింటి మధ్య దూరాన్ని రెండు చివర్లా కొలవండి. తేడా అర మి.మీ. దాటితే ఇంకో పీసు అడగండి. మా తీర్పు: ఏ2 వరకు సరే, ఆర్కిటెక్చర్ స్టూడియోకి వద్దు.

టీ స్క్వేరు చవక. నేర్చుకోడానికి చెడ్డది కాదు. కానీ దాని పొడుగు పట్టీ ఒక్క చివరే పట్టుబడి ఉంటుంది, రెండో చివర ఊగుతుంది. పైగా బోర్డు ఎడమ అంచు నిక్కచ్చిగా ఉంటేనే అది పనిచేస్తుంది, చెమ్మకి ముందు ఉబ్బేది ఆ అంచే.

అసలు కొనాల్సింది పారలల్ బార్. దీని పని అర్థమైతే బాగుచేసుకోవడం కూడా వచ్చేస్తుంది. బార్ రెండు చివర్ల నుంచీ తీగ బయల్దేరి, బోర్డు మూలల్లోని కప్పీల మీదుగా తిరిగి, బార్ లోపల ఒకదాన్నొకటి దాటుతుంది. ఆ అడ్డదాటు వల్లే ఒక చివర జరిగితే రెండో చివరా అంతే జరగాలి. తీగ వదులైతే ఒక చివర వెనకబడుతుంది, బార్ వాలుతుంది. షాపువాణ్ణి అడిగి బోర్డుకి బిగించి ఉన్నదాని మీదే చూడండి. నడిమధ్య ఒక గీత గియ్యండి. బార్‌ని పై అంచు దాకా తోసి, కింది అంచు దాకా లాగి, మళ్ళీ గీత దగ్గరికి తీసుకురండి. అంచు గీత మీద పొడుగునా కూర్చోవాలి. తర్వాత ఎడమ చివర వేలితో నొక్కిపట్టి కుడి చివరని మెల్లగా పైకీ కిందికీ తొయ్యండి. అది తేలిగ్గా కదిలితే తీగ బిగువు చాలదన్నమాట.

తీగ దేనితో చేసిందో తప్పకుండా అడగండి. నైలాన్ దారం గాలిలో చెమ్మని పీల్చుకుని సాగుతుంది. మే నెలలో బిగించిన బార్ ఆగస్టులో వాలడానికి కారణం చాలాసార్లు ఇదే, తప్పు బార్‌ది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. మామూలు ఇనప తీగ మాత్రం వద్దు, తుప్పు పట్టి కప్పీల దగ్గర పట్టేస్తుంది, షీటు మీద గోధుమరంగు మరకలు పడతాయి. నైలాన్‌దే దొరికితే నిరాశ అక్కర్లేదు, వానాకాలంలో షీటు మొదలుపెట్టే ప్రతిసారీ పైన చెప్పిన పరీక్ష చేసి తీగ బిగువు సరిచేసే మర బిగించుకుంటే చాలు. బార్ అడుగున చిన్న చక్రాలో, గుబ్బలో ఉండాలి. అవి లేకుండా బార్ కాగితాన్ని అంటుకుని జరిగితే పెన్సిల్ పొడి షీటంతా పులుముకుపోతుంది. ఏ1కి బార్ పొడవు 900 మి.మీ. కన్నా తక్కువ ఉండకూడదు.

ఇక బోర్డు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1444 ప్రకారం డి1 బోర్డు 1000 × 700 మి.మీ., మందం 25. ఏ1 షీటు దానిమీద చుట్టూ జాగా వదిలి సరిపోతుంది. రెడీమేడ్ బోర్డు దొరక్కపోతే మన ఊరి వడ్రంగి చేతే చేయించుకోవచ్చు, ఒక్కోసారి అదే మేలు. 19 మి.మీ. బ్లాక్‌బోర్డు (నల్లబల్ల కాదు, లోపల చెక్క పట్టీలు పేర్చి చేసే block board), నీటిని తట్టుకునే బీడబ్ల్యూపీ రకం అడగండి. లామినేట్ రెండు వైపులా అంటించమని గట్టిగా చెప్పండి. పైన ఒక్కవైపే అంటిస్తే అంటించని వైపు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, రెండో వైపు ఉబ్బదు, బోర్డు పల్లెంలా వంగుతుంది. నాలుగు అంచులకీ టేకు పట్టీ కొట్టించాలి. పారలల్ బార్ వాడేవాళ్ళకి అంచు మరీ నిక్కచ్చిగా ఉండక్కర్లేదు, ఎందుకంటే షీటుని బార్‌కి సరిపెట్టి అంటిస్తాం, అంచుకి కాదు. కావలసిందల్లా పైతలం చదునుగా ఉండటం. దానికి పరీక్ష: ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు బిగించి లాగండి. రెండూ నడిమధ్య ఒకదాన్నొకటి తాకుతూ, బోర్డునీ తాకుతూ ఉండాలి. దారాల మధ్య సందు కనపడితే బోర్డు మెలి తిరిగింది. దారాలకీ బోర్డుకీ మధ్య కనపడితే గుంట పడింది.

బోర్డుని గోడకి ఏటవాలుగా ఆనించి నెలలు వదిలేస్తే వంగుతుంది. నేల మీద పరిచినా మంచిది కాదు, వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లుతుంది. మంచం మీదో, నాలుగు ఇటుకల మీదో, అటక మీదో పరిచి ఉంచాలి.

సెట్ స్క్వేర్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. 45 డిగ్రీలదీ, 30–60 డిగ్రీలదీ, కనీసం 25 సెం.మీ. పొడవువి, రెండు మి.మీ.కి పైన మందం ఉన్న పారదర్శకమైన ఆక్రిలిక్‌వి చూడండి. షాపు కౌంటరు మీదే పరీక్షించొచ్చు. బార్ మీద సెట్ స్క్వేర్ నిలబెట్టి ఒక నిలువుగీత గియ్యండి. దాన్ని తిరగేసి, అదే బిందువు దగ్గర ఆనించి మళ్ళీ గియ్యండి. రెండు గీతలూ ఒకటిగా పడితే లంబకోణం నిజం. పైకి వెళ్ళేకొద్దీ విడిపోతే, ఆ సందు అసలు తప్పుకి రెట్టింపు. 250 మి.మీ. ఎత్తున సందు అర మి.మీ. ఉందనుకోండి, తప్పు పావు మి.మీ. వినడానికి చిన్నదే. అదే సెట్ స్క్వేర్‌తో తీసిన దిక్కుని 800 మి.మీ. పొడిగిస్తే 0.8 మి.మీ. పక్కకి పోతుంది, 1:50 స్కేలులో, అంటే కాగితం మీది ఒక మి.మీ. అసలు కట్టడంలో 50 మి.మీ. అయినప్పుడు, అది నాలుగు సెంటీమీటర్ల గోడ. తప్పు ఉన్నదాన్ని తిరిగి ఇచ్చెయ్యండి, అరగదీసి సరిచెయ్యడం ఇంట్లో అయ్యే పని కాదు.

అంకెలు చెక్కినవి కొనండి, పైన అచ్చేసినవి కాదు. మన చెమటకి అచ్చు ఒక్క సెమిస్టరులో చెరిగిపోతుంది. కడగడానికి సబ్బునీళ్ళు చాలు. థిన్నర్ తగిలిస్తే ఆక్రిలిక్ సన్నగా నెరలిస్తుంది. వారానికోసారైనా కడగాలి, లేకపోతే అడుగున పేరుకున్న పెన్సిల్ నలుపు షీటుకి ఎక్కుతుంది.

స్కేలు త్రికోణపుది ఒకటి చాలు, 1:20, 1:50, 1:100 ఉన్నది. కంటి దగ్గర పెట్టుకుని అంచు వెంబడి చూడండి, వంపు తెలిసిపోతుంది. రెండు కంపెనీల స్కేళ్ళు పక్కపక్కన పెడితే 300 మి.మీ. దగ్గర గీతలు కలవకపోవచ్చు, అందుకే ఒక షీటు మొదలు నుంచి చివరి దాకా ఒకే స్కేలు. స్కేలు అంచున గీతలు గీయకూడదు, బ్లేడు అసలు ఆనించకూడదు.

ఇక్కడ సామాను కన్నా పద్ధతి ఎక్కువ లెక్కలోకి వస్తుంది. కోనసీమలో మండువా లోగిలి ఒకటి కొలిచి సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీస్తున్నారనుకోండి. పైన బంగాళా పెంకు, కింద రీపర్లు (పెంకు ఆనే అడ్డచెక్కలు) సుమారు 320 మి.మీ. ఎడంతో. 1:50లో ఆ ఎడం 6.4 మి.మీ. ఒక్కో రీపరుకీ స్కేలు జరుపుతూ 6.4, 6.4 అని గుర్తులు పెడితే ఒక్కో జరుపుకీ పావు మి.మీ. తేడా రావడం మామూలే. అవన్నీ ఒకే వైపుకి పడితే పన్నెండో వరుసకి మూడు మి.మీ., అంటే దాదాపు సగం పెంకు. చూరు దగ్గరికి వచ్చేసరికి పెంకు వేలాడాల్సిన చోట వేలాడదు, షీటు మొత్తం మళ్ళీ గీయాలి. స్కేలు ఒక్కసారి పెట్టి, సున్నా నుంచి 320, 640, 960, 1280 అని కూడుకుంటూ అన్ని గుర్తులూ ఒకే ఊపులో పెట్టాలి. సైటులో టేపు పట్టేటప్పుడూ అంతే, ఒక చివర పట్టుకుని వరసగా చదివి రాసుకోవాలి.

కొలిచిన మొత్తం పొడవులో వరసలు సమానంగా పంచాలంటే ఇంకో దారి ఉంది. కప్పు ఏటవాలు అంచు ఒక చివర నుంచి ఏదో ఒక కోణంలో సన్నగా ఇంకో గీత లాగండి. దానిమీద పన్నెండు సమాన భాగాలు, ఒక్కోటి 7 మి.మీ. చొప్పున అనుకోండి, గుర్తుపెట్టండి. పన్నెండో గుర్తునీ అంచు రెండో చివరనీ కలపండి. ఆ గీతకి సమాంతరంగా మిగతా పదకొండూ సెట్ స్క్వేర్ జరుపుతూ దించితే అంచు సమానంగా తెగుతుంది, భాగహారం అక్కర్లేదు. కప్పు వాలు కూడా డిగ్రీల్లో పెట్టొద్దు. మూడు మీటర్ల అడ్డానికి ఒకటిన్నర మీటరు ఎత్తు ఉంటే 1:50లో 60 మి.మీ. అడ్డం, 30 మి.మీ. నిలువు పెట్టి చివరలు కలపండి. కోణమాని మీద అర డిగ్రీ తప్పడం ఎంతసేపు. కోణం మార్చుకునే సెట్ స్క్వేర్ తర్వాత సమాంతర వాసాలు గీయడానికి పనికొస్తుంది, ముందు మాత్రం వాలుని ఇలాగే స్థిరపరచాలి.

తొమ్మిదంగుళాల గోడ 230 మి.మీ.గా లెక్క, 1:50లో 4.6 మి.మీ., 1:100లో 2.3. నాలుగున్నర గోడ 1:50లో 2.3. ఈ కొలతల్లో గీత మందం కూడా లెక్కే. అర మి.మీ. పెన్నుతో గోడ అంచు గీస్తే 1:50లో ఆ ఒక్క గీతే రెండున్నర సెంటీమీటర్లు. అందుకని మందం ఎప్పుడూ గోడ లోపలి వైపుకే పడాలి. బయటికి పడితే రెండు వైపులా గది ఇరుకవుతుంది.

కాగితం దగ్గర డెల్టా గుణం పూర్తిగా బయటపడుతుంది. కాగితం చెమ్మకి సాగుతుంది, పీచు నడిచే దిక్కులో తక్కువ, దానికి అడ్డంగా చాలా ఎక్కువ. వెయ్యికి రెండు వంతులు సాగినా 800 మి.మీ. మీద 1.6 మి.మీ. తేడా. షీటు కొన్న రోజే అంటించి గీయొద్దు. గీయబోయే గదిలోనే ఒక రాత్రి పరిచి ఉంచండి, గాలికి సర్దుకుంటుంది. హాస్టల్లో ఏసీ గదిలో మొదలుపెట్టిన షీటుని ఇంట్లో విప్పితే గంటైనా ఆగి, ముందు ఒక పాత కొలతని స్కేలుతో సరిచూసుకుని అప్పుడు మొదలెట్టండి.

మామూలు పెన్సిల్ షీట్లకి మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం బాగుంటుంది. పలచటిది వానాకాలంలో మెత్తబడి రబ్బరు రుద్దితే నూగు లేస్తుంది. బటర్ పేపరు ఆలోచనలకి మాత్రమే, చెమట చెయ్యి ఆనించగానే ముడతలు పడుతుంది. గేట్‌వే ట్రేసింగ్ షీటు 90 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి గ్రాములు) పైన ఉన్నదే కొనండి. చెమ్మకి అన్నిటికన్నా ఎక్కువగా అలలు తేలేది ఇదే, కానీ మందంగా ఉంటే తట్టుకుంటుంది. పాలియెస్టర్ డ్రాఫ్టింగ్ ఫిల్మ్ చెమ్మకి దాదాపు కదలదు. ఖరీదెక్కువ, దానికి తగిన ఇంకు కావాలి. మొదటేడు అవసరం లేదు, థీసిస్ నాటికి చూసుకోవచ్చు.

అంటించడానికి గుండుసూదులు వద్దు, బోర్డు పాడవుతుంది. సెల్లోటేపు తీసేటప్పుడు షీటు చింపుతుంది. మాస్కింగ్ టేపు వాడండి, అది కూడా ఒకసారి బట్టకి అంటించి తీసి జిగురు తగ్గించుకోండి. ముందు షీటు పైఅంచుని బార్‌కి సరిపెట్టి పై ఎడమ మూల, తర్వాత దానికి ఎదురుగా కింది కుడి మూల, ఆ తర్వాత మిగతా రెండూ. సీలింగ్ ఫ్యాను లేకుండా మనకి గడవదు కాబట్టి అంచుల మధ్యలో కూడా చిన్న ముక్కలు వెయ్యాలి.

పెన్సిళ్ళలో 2 మి.మీ. క్లచ్ పెన్సిల్‌కే మా ఓటు. స్టెడ్లర్ మార్స్ టెక్నికో 780 లాంటిది ఒకటి, దానికో లెడ్ పాయింటర్ (లెడ్ మొన చెక్కేది) కొంటే ఐదేళ్ళూ గడుస్తాయి. 0.5 మెకానికల్ పెన్సిల్ కొంటే లెడ్ బయటికొచ్చే గొట్టం సన్నగా, పొడుగ్గా ఉన్న డ్రాఫ్టింగ్ రకమే తీసుకోండి. కోసుగా కురచగా ఉండే మూతి మందపాటి సెట్ స్క్వేర్ అంచుకి ఆనదు, లెడ్ అంచుకి ఎడంగా తిరుగుతుంది. గీసేటప్పుడు పెన్సిల్‌ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ పోవాలి, లేకపోతే మొన ఒకవైపు అరిగి గీత మొదట్లో సన్నగా, చివర్లో లావుగా వస్తుంది.

పుస్తకాల్లో సన్నగీతలకి 2హెచ్ అని ఉంటుంది. చెమ్మగా ఉన్న రోజుల్లో అదే లెడ్ ఇంకా గట్టిగా ప్రవర్తిస్తుంది, మెత్తబడ్డ కాగితంలో గాడి పడుతుంది గానీ నలుపు దిగదు. ఆ గాడి రబ్బరుకి పోదు, తర్వాత ఇంకు అందులో జారుతుంది. ముసురు రోజుల్లో కాస్త మెత్తటిది వాడండి, 2హెచ్ బదులు హెచ్, హెచ్ బదులు హెచ్‌బీ. చేతి కింద తెల్లకాగితం ముక్క, పక్కన పొడి రుమాలు ఎప్పుడూ ఉండాలి.

పెన్నుల్లో మొదటేడుకి వాడి పారేసే ఫైన్‌లైనర్లు (సన్నమొన పెన్నులు) చాలు. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త: మీద రాసిన అంకెని మి.మీ. అనుకోవద్దు. సకురా మైక్రాన్ 005 గీసే గీత 0.20 మి.మీ., 01 అంటే 0.25, 05 అంటే 0.45, 08 అంటే 0.50. వేరే కంపెనీ 0.1తో దీన్ని కలిపి వాడితే ఒకే షీటులో రెండు రకాల సన్నగీతలు వస్తాయి. ఒక షీటుకి ఒకే కంపెనీ. కొన్న రోజే అన్ని పెన్నులతో గీతలు గీసి, పక్కన పేరు రాసి, ఆ ముక్కని బోర్డు మూలన అంటించుకోండి. మూడు మందాలు చాలు: కోసిన గోడలకి 0.5 చుట్టుపక్కల, కనపడే అంచులకి 0.3, కొలతల గీతలకీ పెంకుల గీతలకీ 0.2.

ఇంకు నింపుకుని వాడే టెక్నికల్ పెన్ను రోట్రింగ్ ఐసోగ్రాఫ్ ఒక్కోటి వెయ్యి రూపాయలు దాటుతుంది. గీత మాత్రం దేనికీ సాటిరాదు, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం. మన వాతావరణంలో నిబ్ తొందరగా ఎండదు, అది లాభమే. కానీ ట్రేసింగ్ మీద ఇంకు ఆరడం బాగా ఆలస్యమవుతుంది. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ రావాలి, సెట్ స్క్వేర్ అడుగున అంచుకి కాస్త లోపలగా మూడు నాలుగు మడతల టేపు వేసి అంచుని పైకి లేపాలి. అంచు షీటుని తాకితే ఇంకు దాని కిందికి పాకుతుంది. వారం రోజులు వాడకపోతే ఖాళీచేసి గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. 0.2 లాంటి సన్న నిబ్బుల్లోంచి లోపలి తీగని బయటికి లాగొద్దు, ఒకసారి వంగితే ఆ నిబ్ పోయినట్టే. కొనదలిస్తే మూడూ ఒకేసారి వద్దు, 0.3 ఒకటి కొని ఒక సెమిస్టరు నిలబెట్టుకోగలిగితే తర్వాతవి.

ట్రేసింగ్ మీద తప్పు ఇంకుని బ్లేడు నిలువుగా పట్టి గీకాలి, గీకిన చోట రబ్బరుతో నున్నగా రుద్దాకే మళ్ళీ గీయాలి. షీటు చెమ్మగా ఉంటే బ్లేడు ముట్టుకోవద్దు, చిరుగుతుంది. ఎరేజింగ్ షీల్డ్ (చెరిపేటప్పుడు పక్క గీతలు పోకుండా అడ్డుపెట్టే పలచటి రేకు) చాలా చవక, అయినా తప్పక ఉండాలి. కంపాస్ మధ్యలో మర ఉన్నదే కొనండి.

సీనియర్ల దగ్గర పాతవి కొనడం మంచి దారి, ముఖ్యంగా పారలల్ బార్. అడగాల్సినవి: బార్‌ని అంచు మీద నిలబెట్టి చూస్తే నిటారుగా ఉందా, కప్పీలు నాలుగూ తిరుగుతున్నాయా, తీగలో ఎక్కడైనా పోగు తెగిందా. తీగ పాతదైతే మార్చుకోవచ్చు, అంచు నొక్కుకుపోయిన బార్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. పాత ఐసోగ్రాఫ్ కొంటే నిబ్ చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపలి బరువు టిక్ టిక్ మని కదలాలి. చప్పుడు లేదంటే ఇంకు గడ్డకట్టింది, ధర సగానికి మాట్లాడండి లేదా వదిలెయ్యండి.